నిల్దా మాటల తోకలు

పట్నం మనిషి టేపు పెట్టె మీట నొక్కింది. నిల్దా నోరు విప్పలేదు.

మూడు గురువారాలుగా ఇదే వరస.

నిల్దా మా కొండ ఊళ్లో ఫోర్తునాతా కూతురు, మూడేళ్లు నిండని పిల్ల. ఇరేనె అనే ఆ మనిషి రాజధాని లీమా నుంచి పెట్టె మోసుకొచ్చింది. 'నాకు', 'నీకు', 'దాన్ని' లాంటి చిన్న మాటలు పిల్లలకు ఎలా పట్టుబడతాయో వింటానని చెప్పింది. మా స్పానిష్‌లో అవి పెద్ద మాటకు తోకల్లా అతుక్కుంటాయి కదా. చెంచా చూపించి దాచేస్తే చాలు, అది నాకివ్వమని నిల్దా "దామెలో" అనేది. 'దా' అంటే ఇవ్వు, 'మె' నాకు, 'లో' దాన్ని.

ఇంత చిన్న పనికి లీమా నుంచి ఎవరొస్తారని పొరుగింటి మెలేసియా నవ్వింది.

"మనుషుల కొవ్వు పిండుకుపోయే పిష్టాకోలు ఇప్పుడు మాటలు కూడా పిండుతున్నారేమోనే, ఫోర్తునాతా."

ఆ నవ్వులాటే తల్లి గుండెలో భయమై కూర్చుంది.

వానల్లో జలుబు చేసి తగ్గాక "దామెలో" కాస్తా "దామె" అయింది. తర్వాత ఉట్టి "దా". ఆపైన అదీ లేదు.

పిల్ల జడుసుకుంది, ప్రాణం ఒంట్లోంచి జారిపోయిందని అమ్మమ్మ ఎవుదోసియా తేల్చింది. అలా జారితే పిలిచి తెచ్చుకోవడం మాకు అలవాటే. ఆ సాయంత్రమే పిల్ల చొక్కాను వాగు గట్టున విదిలిస్తూ, కొండ మారుమోగేలా పిలిచింది.

"నిల్దా, రా తల్లీ, ఇంటికి పోదాం."

అటు తిరిగి గులకరాళ్లు ఏరుకుంటున్న పిల్ల వెనక్కైనా చూడలేదు.

"ప్రాణం వాగులో లేదే. ఆ పెట్టెలో ఉంది" అంది ముసలామె.

మరుసటి గురువారం ఇరేనె ఏదో చెప్పబోతే ఫోర్తునాతా తలుపు మూసేసింది. సందులోంచి ఒక కాగితం జారిపడింది. చదవడం రాని ఫోర్తునాతా దాన్ని ఎవరికీ చూపలేదు. కాలిస్తే పిల్లకేమవుతుందోనని పొయ్యి రాయి కింద దాచింది.

ఆ పై గురువారం ఇరేనె ఒంటరిగా రాలేదు. వెంట నల్లసంచీతో ఒక మగమనిషి.

పిల్లను కొయ్యడానికే అనుకుంది ఊరు. రాళ్లు లేచాయి. పెట్టె ముక్కలైంది. నుదుటి నెత్తురు తుడుచుకుంటూ కూడా ఇరేనె నిల్దా వంకే చూసింది.

మళ్లీ రాలేదు.

నిల్దాకు మాటా రాలేదు.

రెండేళ్లకు టీకాల నర్సు వచ్చి పిల్లను చూసింది. చెవుల్లో చీము పట్టి వినికిడి పోయిందని, మొదట్లోనే చూపించి ఉంటే నయమయ్యేదని చెప్పింది.

ఫోర్తునాతా లోపలికెళ్లి పొయ్యి రాయి ఎత్తింది.

నర్సు కాగితం విప్పి చదివింది.

"భయపడకండి అమ్మా. పాపకు మాటల చివర్లు వినపడడం లేదని నాకు అనుమానం. వచ్చే గురువారం చెవుల డాక్టర్ని నేనే వెంటబెట్టుకొస్తాను."