పసుపు గీతకు ఇవతల

"జగ్గమ్మొదినా, నువ్వెందుకొచ్చావే? నిన్ను పిలవడానికి నీకు ఆడగుంట ఉన్నాదేటి?"

సుభద్రమ్మ నోరు ఎప్పుడూ అంతే. జగ్గమ్మ ఇసక మీద గీసిన పసుపు గీతకు ఇవతల, చెంగు భుజాల నిండా కప్పుకుని నిలబడింది. ఆమెతోపాటు మరికొందరు తల్లులు.

కళింగపట్నం తీరంలో మాఘ పున్నమి సాయంత్రం. చేపలు ఎండబెట్టిన వైపు నుంచి గాలి కొడుతోంది. గీతకు అవతల ఆడవాళ్ళు గుండ్రంగా కూర్చున్నారు. ఒక్కొక్కరి పక్కన ఒక అరిటాకు, ఒక దీపం.

ఆ పూజకి పంతులు లేడు. మగవాడి నీడ పడకూడదు. అమ్మవారికి ఆడవాళ్ళే ఘటం పెడతారు, ఆడవాళ్ళే హారతి ఇస్తారు. ఆ తరవాత కూతుళ్ళు ఒక్కొక్కరే తల్లిని పేరు పెట్టి పిలుస్తారు. పిలుపు అందిన తల్లి గీత దాటి వెళ్ళి కూతురి ఆకు ముందు కూర్చుంటుంది. కొడుకు పిలిస్తే చెల్లదు. పిలవని తల్లి అడుగు వెయ్యకూడదు. పిలిచే దాకా లోపలివాళ్ళు గీత బయటికి చూడనూ కూడదు.

మూడు పూజల్లో ఎవరూ పిలవకపోతే ఆ తల్లి ఇక గీత దగ్గరికే రావడానికి వీలుండదు. జగ్గమ్మకి ఇది మూడోది.

"ఉన్నాది," అంది జగ్గమ్మ. "అదిగో, వస్తన్నాది."

"ఆ గుంటడా?"

"గుంటడు కాదు. గుంట."

ఇన్నాళ్ళూ నలుగురిలో అనలేకపోయిన మాట. అనేశాక జగ్గమ్మకే వింతగా అనిపించింది.

ఈశ్వరి ఇసకలో చెప్పులు విడిచింది. విజయనగరంలో కుట్టుమిషను పెట్టుకుని బతుకుతోంది. ఆకుపచ్చ చీర, చేతిలో చుట్టిన అరిటాకు. జుత్తు ఇప్పుడిప్పుడే జడకి అందుతోంది.

ఆ జుత్తు చూస్తే జగ్గమ్మకి ప్రాణం పిండేసినట్టవుతుంది. మూడేళ్ళు కావస్తోంది. బంధువులంతా చుట్టూ చేరి, నడుం దాకా ఉన్న జడ కోయించి, నున్నగా గొరిగించేశారు. "కొడుకువి కాదేట్రా," అన్నారు. ఈశ్వరి కళ్ళు ఇల్లంతా వెతికాయి. జగ్గమ్మ అక్కడే ఉంది. వద్దందామంటే నోరు పెగల్లేదు. అడ్డం పెడదామంటే చెయ్యి లేవలేదు. ఆ మర్నాడే ఈశ్వరి బస్సెక్కి ఊరు వదిలిపోయింది.

గడిచిన రెండు పూజల్లోనూ ఆమెని గీత దగ్గరే ఆపి పంపేశారు. వెళ్ళిపోతూ జగ్గమ్మ పక్కనుంచే నడిచింది, చెంగు తగిలేంత దగ్గరగా. తలెత్తి చూడలేదు. ఎలా చూస్తుంది?

"నీలవేణప్పా, రానా?" అని అడిగింది ఈశ్వరి.

నీలవేణి ఈ ఏటి పూజకి పెద్ద. ఆమె నోరు విప్పకముందే కుమారి అందుకుంది. కుమారి జగ్గమ్మకి తోటికోడలు.

"ఏటి రావడం? మా అక్క కన్నది గుంటడ్ని. నా సేతుల మీదే పుట్టాడు. నాకు తెలీదేటి?"

"నాను పుట్టినప్పుడు నువ్వు సూసింది ఒక్కటే పిన్నీ. మిగతాదంతా నానే సూసుకోవలసొచ్చింది."

ఇద్దరు ముగ్గురు చెంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"నవ్వండి," అంది కుమారి మొహం ముడుచుకుని. "సీర కడితే కూతురైపోతాదా?"

"కడితే కాదులే," అంది ఝాన్సీ. ఆమె సుభద్రమ్మ కూతురు. "మీ అక్క మంచాన పడ్డప్పుడు ఒళ్ళు తుడిసి సీర మార్సింది ఎవులు? నువ్వు గుమ్మం దాకా వచ్చి, వాసనొస్తన్నాదని ఎలిపోలేదేటి?"

కుమారి తన దీపం వత్తి సర్దుకుంది.

నీలవేణి ఘటం వంకే చూస్తూ అంది, "ఇది తేల్సడానికి మనవెవులం? పిలవనీండి. కూతురైతే పిలుపు అందుతాది. కాకపోతే అందదు. అప్పుడు తనే ఆకు ఎత్తుకుని ఎలిపోతాది."

"ఎలిపోతాను," అంది ఈశ్వరి. "మరి రాను." గీత దాటి లోపల కూర్చుంది.

జగ్గమ్మ గీత వంక చూసుకుంది. అందకపోతే? ఇంట్లో తలుపులేసుకున్నాకే కదా 'ఈశ్వరీ' అని పిలిచింది. వీధిలోకి రాగానే 'ఒరే' అనేది. ఆ 'ఒరే' ఇప్పుడు కాళ్ళకి అడ్డం పడితే?

హారతి అయింది.

"సుభద్రమ్మా, రాయే అమ్మా," అని ఝాన్సీ పిలిచింది.

"నాను పోతన్నాను ఒదినా," అంటూ సుభద్రమ్మ చెంగు సర్దుకుని గీత దాటింది. వెనక్కి చూడలేదు. తరవాత మరొకామె. తరవాత ఇంకొకామె. గీతకు ఇవతల జగ్గమ్మ ఒక్కతే మిగిలింది. సముద్రం మీద చంద్రుడు లేచాడు.

ఈశ్వరి ఆకు పరిచింది. చిన్న గిన్నెలో చోడి అంబలి, పక్కన ఉల్లిపాయ ముక్క పెట్టింది. జగ్గమ్మకి జ్వరమొచ్చినా అదే కావాలి. ఈశ్వరి దీపం వెలిగించి కళ్ళు మూసుకుంది. గొంతు బొంగురుగా, చిన్నప్పటిలాగే వచ్చింది.

"జగ్గమ్మా... అమ్మా. నాను, నీ కూతుర్ని. రాయే."

జగ్గమ్మ గీత మీద అడుగు వేసింది. ఏదీ అడ్డం పడలేదు.

ఇసకలో ఎక్కడా జాడ పడకుండా నడిచి వెళ్ళి ఆకు ముందు కూర్చుని, తన పెద్దకర్మకి కొడుకుని చేసి గొరిగించిన ఆ తల మీద జగ్గమ్మ మెల్లగా చెయ్యి వేసింది.