సోఫాలాయన బొటనవేలు

“రెక్సిన్ మంచిదే. ఫోమే నాసిరకం,” అన్నాడు సోఫాలాయన, కూర్చున్న కుర్చీ చేతిని నొక్కి చూస్తూ. వీధిలో అందరి సోఫాలూ కుట్టేది అతనే.

“కుర్చీకి వంకలు పెట్టడానికొచ్చావా బావా?” అంది మరదలు. ఆ ఆసుపత్రి గదిలో అయస్కాంతపు మిషను నడిపేది ఆమే.

అతని భార్య లోపలికి రమ్మన్నా రాలేదు. తలుపు పట్టుకుని గుమ్మంలోనే నిలబడింది.

ఆ ఇంట్లో దిగులు పిలవని చుట్టంలా వచ్చి దిగి ఆర్నెల్లయింది. మాత్రలు మార్చి మార్చి చూశారు. ఒకటి నిద్ర తెప్పించింది, ఒకటి కడుపులో తిప్పింది. చుట్టం మాత్రం కదల్లేదు. పెళ్లాం గుడ్డ కత్తిరిస్తే మొగుడు కుట్టడం, మధ్యలో ఇద్దరూ పోట్లాడుకోవడం, అలా నడిచే కొట్టు ఇప్పుడు సగం తలుపు మూసుకుని ఉంటోంది. పోయిన వారం ఈ ఆసుపత్రి గేటు దాకా వచ్చి, భయపడి వెనక్కి తిరిగారు. ఇవాళా తిరిగితే ఇక రారని ముగ్గురికీ తెలుసు.

మరదలు అడగాల్సినవి అడిగింది. తలలో లోహపు ముక్కలేమైనా ఉన్నాయా, ఎప్పుడైనా మూర్ఛ వచ్చిందా. తలలో ఏమైనా ఉంటేగా అన్నాడు సోఫాలాయన. భార్య నవ్వలేదు. డాక్టరుగారు తొంగిచూసి, కానివ్వమన్నట్టు తలూపి వెళ్లారు.

“కరెంటు పెడతారటగా,” అంది భార్య.

“అది వేరే వైద్యం అక్కా. ఇది అయస్కాంతం. మత్తు కూడా ఇవ్వం. మెదడులో మందగించిన చోటును పైనుంచే తట్టి లేపుతుంది.”

“మనుషుల్ని మర్చిపోతే?”

అలా ఏమీ కాదంది మరదలు. కాస్త తలనొప్పి రావచ్చంది. కొన్ని వారాలు వచ్చి కూర్చోవాలంది. అందరికీ గుణం కనిపించదని, చాలామందికి కనిపించిందని ఉన్నదున్నట్టు చెప్పింది.

భార్య ఓ అడుగు లోపలికి వేసింది.

మరదలు ఎనిమిది అంకెలా ఉన్న తీగచుట్టను అతని తలకు ఆనించింది. టక్. ఏమీ కాలేదు. కొంచెం జరిపింది. టక్. అతని బొటనవేలు దానంతటదే ఎగిరిపడింది.

“నేను కదపలేదే,” అన్నాడతను.

వేలిని కదిలించే చోటు ముందు పట్టుకుని, దాన్నిబట్టి మందగించిన చోటు కొలుచుకుంటామని మరదలు వివరించింది. టక్. వేలు మళ్లీ ఎగిరింది. సోఫాలాయన వేలివైపు చూడటం లేదు. భార్య ముఖంలోకే చూస్తున్నాడు.

ఆవిడ దగ్గరకొచ్చి వంగింది. “ఇన్నేళ్లలో ఒక్క ఇంటి పనికీ కదిలించలేకపోయాను ఈయన్ని,” అంది. అని నవ్వింది. చిన్న నవ్వే. మరదలి చెయ్యి మిషను మీదే ఆగిపోయింది. సోఫాలాయన పైకప్పు కేసి చూశాడు.

“నొప్పి లేదుగా? నిజం చెప్పండి.”

“నీ మీద ఒట్టు. వడ్రంగిపిట్ట నెత్తిన పొడిచినట్టుంది, అంతే.”

 ఆవిడ చెల్లెలి వైపు తిరిగి తలూపింది.

“బావా, ఇక లే, అసలు పేషెంటును కూర్చోనీ.”