కిటికీ సీటు అక్కది

వీడియోలో చిన్నోడు బస్సు సీట్లో బుద్ధిగా కూర్చున్నాడు. ఒళ్ళో టిఫిన్ బాక్సు సంచి. పక్కన, కిటికీ వైపు, అక్క.

చిన్నోడంటే మరీ చిన్నవాడేం కాదు. గడ్డంలో తెల్ల వెంట్రుకలు తొంగిచూస్తున్నాయి. బుర్ర కాస్త నిదానం, మనసు వెన్న. లాండ్రీలో తువ్వాళ్ళు మడతపెడతాడు. వాడు పేర్చిన దొంతరని కదపడానికి అక్కడ ఎవరికీ చేతులు రావు.

అమ్మ పోయినప్పటి నుంచీ రోజూ అక్కే బస్సులో తీసుకెళ్ళి దింపుతోంది. వచ్చే నెల ఆమె ఆఫీసు ఊరికి ఆ చివరకి మారిపోతోంది.

ఈలోగా వాడికి ఒంటరిగా వెళ్ళడం రాకపోతే పని పోతుంది. ఇక పొద్దస్తమానం టీవీ ముందు కూర్చుని గుమ్మం వైపు చూడటమే.

ఆఫీసులో కొత్తవాళ్ళకి శిక్షణ పాఠాలు రాసే పని ఆమెది. పాఠాలు ఎలా తయారుచేయాలో నేర్పే ఆన్‌లైన్ కోర్సులో అందుకే చేరింది. ముగ్గురేసి జట్టుగా, ఒక మనిషికి ఒక పని నేర్పి చూపించమని ప్రాజెక్టు ఇచ్చారు.

"మా తమ్ముడికి బస్సెక్కడం నేర్పుదామా?" అని అడిగేసింది, ఇంకెవరూ నోరు తెరవకముందే.

జట్టులో మిగతా ఇద్దరూ ఆమెకి ఫోను తెర మీదే తెలుసు. ఒకాయన డ్రైవింగ్ స్కూలు మాష్టారు. ఇంకొకావిడ మూడో తరగతి టీచరమ్మ.

ముగ్గురూ కూడబలుక్కుని ప్రయాణాన్ని మెట్లు మెట్లుగా విడగొట్టారు. బస్సు నంబరు చూడాలి. టికెట్టు అడగాలి. కూర్చోవాలి. కిటికీలోంచి నీలం రంగు నీళ్ళ ట్యాంకు కనపడగానే లేచి నిలబడాలి.

టీచరమ్మ మెట్టుకో బొమ్మ గీసి పంపింది. చిన్నోడు వాటిని దిండు కింద దాచుకున్నాడు.

అక్క ముందు సీటుకి ఫోను తగిలించి తీసిన ఆ వీడియోని ముగ్గురూ ఫోన్లలో చూస్తున్నారు. అందులో ట్యాంకు వచ్చింది. చిన్నోడు ఠక్కున లేచాడు.

"చూశారా!" అంది అక్క. ఆమె సంబరం అంతా ఇంతా కాదు.

మాష్టారు గడ్డం గోక్కున్నారు. "ఆ ముక్క ఇంకోసారి వేయండమ్మా."

వేసింది.

"వాడు ట్యాంకు చూడట్లేదు. మీ మొహం చూస్తున్నాడు."

నిజమే. ట్యాంకు దగ్గర పడగానే అక్క కనుబొమలు పైకి లేస్తున్నాయి. వాటిని చూసి చిన్నోడు లేస్తున్నాడు.

అక్క మొహం చిన్నబోయింది. "నేను కావాలని చెయ్యలేదండీ."

"నాకు తెలీదామ్మా! కారులో నా వైపు కూడా ఒక బ్రేకు ఉంటుంది. నేర్చుకునేవాడు ఎంత బాగా నడిపినా నా కాలు దాని మీదే. ఆ కాలు తీసిన రోజే వాడికి వచ్చినట్టు."

"వాణ్ణి కిటికీ పక్కన కూర్చోబెట్టి, మీరు వెనక్కి వెళ్ళిపోండి," అంది టీచరమ్మ.

చిన్నోడు ససేమిరా అన్నాడు.

"అది అక్క సీటు."

"ఇవాళ నువ్వు కూర్చోరా నాన్నా."

"అది అక్క సీటు." కిటికీ పక్కన సంచి పెట్టి మరీ కాపలా కాశాడు. దారి పొడుగునా వెనక్కి తిరిగి అక్క మొహమే చూశాడు. మెడ పట్టేసింది. ఇంటికెళ్ళాక ఆమే తిట్టుకుంటూ మందు రాసింది.

నెలాఖరు వచ్చేసింది.

"నాకు పనుందిరా. ఇవాళ నువ్వొక్కడివే వెళ్ళాలి," అంది గుమ్మంలో.

"సరే," అన్నాడు. అంత తేలిగ్గా ఒప్పుకోవడం ఆమెకి ఎక్కడో గుచ్చుకుంది.

ఆటోలో వెనక స్టాపుకి పరుగెత్తి, అదే బస్సు ముందుగా ఎక్కి, చున్నీ మొహానికి చుట్టుకుని ఆఖరి సీట్లో నక్కి కూర్చుంది.

చిన్నోడు నంబరు చూసి ఎక్కాడు. టికెట్టు అడిగాడు. ఎప్పటి సీట్లోనే కూర్చున్నాడు. కిటికీ పక్కన సంచి పెట్టాడు.

బస్సు నిండిపోయింది. ఒక పెద్దాయన వచ్చి సంచి వైపు చూశాడు. "ఇక్కడెవరైనా ఉన్నారా బాబూ?"

"మా అక్కది."

"ఏదీ అక్క?"

చిన్నోడు ఆలోచించాడు. "రాలేదు. పనుంది."

పెద్దాయన కమ్మీ పట్టుకుని ఊగుతూ నిలబడ్డాడు. వెళ్ళి సర్దిచెబుదామని అక్క సగం లేచింది. మాష్టారి బ్రేకు గుర్తొచ్చింది. కూలబడి, కాళ్ళు రెండూ సీటు కిందికి ముడుచుకుంది.

చిన్నోడు సంచి ఒళ్ళోకి తీసుకున్నాడు. మెల్లగా కిటికీ పక్కకి జరిగాడు. ఖాళీ అయిన తన సీటుని అరచేత్తో తుడిచాడు.

"నా దాంట్లో కూర్చో తాతా. అక్కది నేను చూసుకుంటా."

ఆ తర్వాత వెనక్కి తిరగలేదు. నుదురు అద్దానికి ఆనించి బయటికే చూస్తున్నాడు.

నీలం ట్యాంకు వచ్చింది.

లేచాడు. దిగాడు. రోడ్డు దాటేముందు అటూ ఇటూ చూశాడు. ఆ మెట్టు పాఠంలో ఎవరూ రాయలేదు.

వాడు లాండ్రీ గేట్లోకి వెళ్ళేదాకా అక్క చూస్తూనే ఉంది. గేటు వెనక్కి వెళ్ళిపోయింది. బస్సు మలుపు తిరిగింది.

"మీ టికెట్టు లాండ్రీ స్టాపుదాకే కదమ్మా? దాటిపోయిందిగా!" అన్నాడు కండక్టరు.

అక్క చున్నీతో కళ్ళు ఒత్తుకుంటూ తలూపింది.

"కొత్తేమో పాపం," అన్నాడాయన జాలిగా. "నీలం ట్యాంకు కనపడగానే లేచి నిలబడాలమ్మా."