అత్తయ్య దస్తూరీ

మా అత్తయ్య స్వరపరచిన నలభై సంగీత రచనలూ మా నాన్న పేరు మీదే అచ్చయ్యాయి. లోకంలోని అన్యాయం మీద వేదికలెక్కి నోరు చించుకునే నేను, ఇంట్లో జరిగిన అన్యాయాన్ని ఆమె ఎనభయ్యో ఏట గానీ పట్టించుకోలేదు. నా కంట్లో దూలం ఉంచుకుని ఊరందరి కళ్లలో నలుసులు ఏరానన్నమాట!

వాటికి ఆమె పేరు వేయించాలని వెళ్తే, సంగీత గ్రంథాలయం అధికారి ఒక్కటే అడిగాడు. "ఆ రచనల్లో ఏదో ఒకదానికి ఆవిడ దస్తూరీలో అప్పటి కాగితం ఒక్కటి తెండి అయ్యగారూ. పేరు మార్పించే పూచీ నాది."

ఆ ఒక్కటే లేదు. సాపు ప్రతి రాయగానే చిత్తు ప్రతి చింపెయ్యడం మా ఇంటి పద్ధతి. రాత ముత్యాల్లా ఉంటుందని సాపు ప్రతులన్నీ నాన్నే రాశాడు.

మూడు వారాలు అటకలూ పెట్టెలూ గాలించాను. వెతికినవాడికి దొరుకుతుందన్న వాక్యం అబద్ధం కాలేదు. పాత పియానో వెనక ఒక చిత్తు కాగితం ఇరుక్కుని ఉంది. కొట్టివేతలు, దిద్దుబాట్లు, అంతా అత్తయ్య దస్తూరీయే. దేవుణ్ణి స్తుతిస్తూ పరుగెత్తాను.

అధికారి చూసి నిట్టూర్చాడు. "పైన చదవండి."

పైన, అదే దస్తూరీలో, మా నాన్న పేరుంది.

"తమ్ముడు చెబితే అక్క రాసిందంటారు. ఇక నా చేతిలో లేదండీ."

ఇంటికొచ్చి అత్తయ్య మీద విరుచుకుపడ్డాను. "నీ చేత్తో నువ్వే రాశావా? ఎవరు రాయమన్నారు?"

"ఎవరూ అనలేదురా. మొట్టమొదటిది నా పేరుతో అచ్చుకి పంపితే కవరు విప్పకుండానే తిరిగొచ్చింది. ఆ తర్వాత, ముందు మీ నాన్న పేరు రాసుకుంటే గానీ నాకు ఒక్క స్వరమూ తోచేది కాదు."