సంశయమెరుగని వైద్యుడు

మల్కాపురంలో ముప్పయి ఏళ్లుగా పట్టా లేకుండానే వైద్యం చేస్తున్న జగ్గారావు, ఆ ఉదయం ఎడమ భుజం పట్టుకుని రోగులు కూర్చునే బల్ల మీదనే కూలబడ్డాడు. భార్య చిలకమ్మ ఆనవాయితీ తప్పకుండా, ఎవరు ఏ నొప్పితో వచ్చినా ఆయన పొడిచే గ్యాసు ఇంజెక్షను సిద్ధం చేసింది.

సరిగ్గా అప్పుడే మేనకోడలు సత్యశ్రీ గుమ్మంలో అడుగుపెట్టింది. ఆమె ఎంబీబీఎస్ చివరి సంవత్సరం. మార్కులలో ఎప్పుడూ ముందే ఉన్నా, తనకేమీ రాదన్న సంగతి ఎవరో ఒకనాడు పసిగట్టేస్తారని ఆమె భయం. చదువు మానేస్తానని చెప్పడానికే వచ్చింది.

"అమ్మీ, గుండెల్లో నొప్పి. ఏటో సూడు," అన్నాడు జగ్గారావు.

"గ్యాసో, గుండెపోటో నాను చెప్పలేను మావయ్యా. ఈసీజీ తియ్యాలి. నువ్వు మాత్రం లేవకు, ఈ ఆస్పిరిన్ నములు," అంటూ సత్యశ్రీ మందుల అలమరలోంచి మాత్ర తీసిచ్చింది.

"ఇంత సదివీ సెప్పలేవేటే?" అంది చిలకమ్మ. "మీ మావయ్యైతే మనిసి గుమ్మం ఎక్కకముందే గ్యాసని సెప్పేత్తారు." సూది పైకెత్తి భర్త వైపు తిరిగింది. "సెయ్యి ఇలాగివ్వండి."

జగ్గారావు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. తన మందు మీద ఆయనకు సందేహం కలగడం అదే ప్రథమం.

"అది పక్కనెట్టు. ఆటో పిలు, పెద్దాసుపత్రికెల్దాం. అమ్మీ, నువ్వూ ఎక్కు."

"నాకేటీ తెలీదు మావయ్యా. చదువే మానేద్దామని వచ్చాను."

"మానేత్తే రేపు మానేద్దువుగాని. ఇయ్యాల నా పక్కనుండు," అన్నాడు ఆస్పిరిన్ నములుతూ. "అన్నీ తెలిసినోడు ఎలాటోడో నాకు బాగా తెలుసు."