ఇదేం వరస

ముసలాయన గిటారు తీగ ఒక్కటి సాగదీసి వదిలేసరికి, డ్రమ్ముల ముందు కూర్చున్న వెండెల్ పగలబడి నవ్వాడు.

"ఇదేంటి పెద్దాయనా, జాజ్ పాట మధ్యలోకి గుర్రాల్ని తోలుకొచ్చారు?"

పియానో దగ్గరున్న ఒడెస్సాకి మాత్రం నవ్వు రాలేదు. శనివారంలోగా గిటారు మనిషి దొరక్కపోతే, కాన్సస్ సిటీలోని ఈ క్లబ్బులో వాయించే అవకాశం వేరే బృందానికి పోతుంది. పొద్దుట్నుంచీ వచ్చినవాళ్ళలో చేయి తిరిగినవాడు ఈయనొక్కడే. పేరు క్లైడ్ బాస్కమ్ అన్నాడు.

కానీ ఆ వాయింపు ఏమిటో ఆమెకి అంతుపట్టడం లేదు. మొదటి పాట అచ్చమైన జాజ్. రెండోది చర్చిలో మొదలై కౌబాయ్‌ల దగ్గర తేలింది. మూడోది ఎటు పోతోందో దేవుడికే తెలియాలి.

"ఇంతకీ మీరు వాయించేది ఏంటండీ?"

"పాటమ్మా."

"అది సరే. ఏ రకం పాట?"

"రకాలు కొట్టువాళ్ళు పెట్టుకున్నవి. రికార్డు ఏ అరలో సర్దాలో వాళ్ళకి తెలియాలి కదా."

ఒడెస్సా తల పట్టుకుంది.

"చూడండి, చిన్నప్పుడు మా ఇంట్లో ఉన్నది ఒకే రికార్డు. లెస్టర్ ప్రూయిట్ గిటారు. అది విని విని పియానో నేర్చుకున్నాను. ఆ గిటారు పక్కన కూర్చుని ఒక్కసారైనా వాయించాలని నా ఆశ. ఆయన ఏమైపోయాడో ఎవరికీ తెలీదు. కనీసం అలా వాయించేవాళ్ళైనా కావాలి నాకు. మీరూ ఓసారి ఆ రికార్డు వినండి."

"మొదలెట్టిందండీ," అన్నాడు వెండెల్. "గుర్రాలు తోలాలంటే కౌబాయ్ పాటల్లో మా హార్లన్ డీకే తోలాలి. ముందు ఆయన రికార్డులు వినండి, పెద్దాయనా."

"ఇద్దర్నీ విన్నాను. కుర్రతనంలో బాగానే వాయించారు." ముసలాయన గిటారు తుడుచుకుంటూ అడిగాడు. "ఒకవేళ ఆ ప్రూయిటే వచ్చి, ఇప్పుడు వేరేగా వాయిస్తే?"

"వాయించడండీ. ఆయన అలాంటివాడు కాదు."

ముసలాయన తుడిచే గుడ్డ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"అయితే నీకు నేను సరిపోనమ్మా," అని గిటారు పెట్టెలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆగమని ఒడెస్సాకి నోటిదాకా వచ్చింది. ఎందుకు ఆపాలో మాత్రం తెలియలేదు.

కాసేపటికి క్లబ్బు యజమానురాలు మోజెల్ మాంసం పొట్లాలతో ఆయాసపడుతూ వచ్చింది.

"ఆ గిటారాయన్ని ఎందుకు పంపేశారర్రా? నేను కేకేసేలోపు బస్సెక్కేశాడు. ఎన్నేళ్ళకి కనబడ్డాడు."

"ఏ వరసా తేలలేదు ఆంటీ," అంది ఒడెస్సా.

"ఈసారి ఏం పేరు చెప్పాడు?"

"ఆయనకి ఎన్ని పేర్లున్నాయేంటి?" అన్నాడు వెండెల్.

"అప్పట్లో ఒక రికార్డు కంపెనీకి సంతకం పెడితే ఇంకో కంపెనీకి వాయించకూడదు. ఈయన చెయ్యేమో ఊరుకోదు. అందుకని పాటకో పేరు. కౌబాయ్ పాటలకి హార్లన్ డీక్ అని పెట్టుకున్నాడు."

వెండెల్ మొహంలో నెత్తురు చుక్క లేదు. పాపం, అనుకుంది ఒడెస్సా.

"జాజ్‌లో చేసింది ఒక్క రికార్డే," మోజెల్ పొట్లాలు వంటింట్లోకి మోసుకెళ్తూ అంది. "దానికి వాళ్ళ తాత పేరు వాడుకున్నాడు, లెస్టర్ ప్రూయిట్ అని."