విమానాల దారిలో ఊయల

"ఒక్క నిమిషం, ఎవరూ మాట్లాడకండి," అంటూ విమానాశ్రయం నుంచి వచ్చిన ఇంజినీరు శబ్దం కొలిచే మీటరు పైకెత్తాడు.

విమానం ఇంటి కప్పును రాసుకుపోతున్నట్టే వెళ్లింది. అలమరలో గిన్నెలు గలగలమన్నాయి. ఊయల్లో తొమ్మిది నెలల పాప మాత్రం కాలి బొటనవేలు నోట్లో పెట్టుకుని ఆడుకుంటోంది.

"రెండో రన్‌వే కడితే ఈ మోత రెట్టింపవుతుందమ్మా. పాప బెదరదా?"

"మా మనవరాలా? పుట్టినప్పటినుంచీ ఒక్కసారి ఉలిక్కిపడితే ఒట్టు! దీనికి అలవాటైపోయింది బాబూ. మేమే ఇంకా చెవులు మూసుకుంటున్నాం," అంది అత్తగారు గొప్పగా.

కోడలు మురిసిపోతూ నవ్వింది.

మీటరు సర్దుతుంటే దాని ఇనుప స్టాండు ఇంజినీరు చెయ్యి జారి, ఊయల వెనకే గచ్చు మీద ధన్‌మని పడింది. ముగ్గురూ అదిరిపడ్డారు. పాప కనురెప్ప కూడా కదపలేదు.

కోడలి నవ్వు ఆగిపోయింది. ఊయల వెనక్కి వెళ్లి "బుజ్జీ" అని మెల్లగా పిలిచింది. మళ్లీ గొంతు చించుకుని పిలిచింది. పాప బొటనవేలు వదల్లేదు.

"అలవాటే లేవే, కంగారుపడకు," అంది అత్తగారు. ఆ గొంతులో ఇందాకటి ధీమా లేదు.

"విమానాలకి అలవాటుపడింది, సరే అత్తయ్యా... నా పిలుపుక్కూడానా?"